దయారా పచ్చికలో పడిన కోతలు, మన గుట్ట మీది బంచరాయి: పని ఎక్కడ మొదలుపెట్టాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మే నెలలో మీరు ఆరుగురు హనుమకొండ నుంచి ఉత్తరాఖండ్ వెళ్ళి దయారా బుగ్యాల్ ఎక్కారు (బుగ్యాల్ అంటే ఆ కొండల్లో అడవికి పైన ఉండే పచ్చిక). కంటికి ఆనినంత దూరం పచ్చిక ఉంటుందనుకుంటే, వాలు మధ్యలో నల్ల మట్టి బయటపడి, కొన్నిచోట్ల నడుము లోతు కోతలు కనిపించాయి. మీ గైడు "అంతా గొర్రెల వల్లే" అన్నాడు. నువ్వు మూడు సంగతులు అడిగావు. అది నిజంగా పశువుల వల్లేనా? వచ్చే ఏడాది మీ బృందం మళ్ళీ వెళ్ళి మొక్కలు నాటితే ఉపయోగం ఉంటుందా? ములుగు దారిలో మీ అమ్మమ్మగారి ఊరి గుట్ట మీది బంచరాయి, అంటే ఊరి ఉమ్మడి మేత భూమి, కూడా అలాగే కోసుకుపోతోంది, దానికీ అదే వైద్యమా?

వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో ముప్పై ఏళ్ళకు పైగా భూసంరక్షణ, వాటర్‌షెడ్ పనులు చేయించి రిటైరయ్యాను. ఒకసారి శిక్షణ కోసం, తర్వాత రెండుసార్లు సొంత ఖర్చుతో ఆ హిమాలయ పచ్చికలకు వెళ్ళాను. వయసులో పెద్దవాణ్ణి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. అక్కడ మొక్కలు నాటొద్దు. టికెట్లు బుక్ చేసుకుని ఉంటే, ఎందుకు వద్దంటున్నానో పూర్తిగా చదివాక నిర్ణయించుకో.

దయారా మూడు వేల మీటర్లకు పైన ఉంటుంది. మన వరంగల్ సముద్రమట్టానికి 270 మీటర్ల దగ్గర ఉంది. తెలంగాణలో అన్నిటికంటే ఎత్తైనదని చెప్పే దోలి గుట్ట కూడా వెయ్యి మీటర్లు దాటదు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. ఆ లెక్కన మనకూ దయారాకూ ఇరవై డిగ్రీల తేడా. చలి ముదిరే ఎత్తుకు చేరాక చెట్టు బతకలేదు, గడ్డి బతుకుతుంది. అందుకే అడవి ఒక గీత గీసినట్టు ఆగిపోయి, ఆ పైన పచ్చిక మొదలవుతుంది. ఏడాదిలో సగం మంచు కప్పుకుని ఉండే ఆ నేలకు పెరిగే కాలం నాలుగైదు నెలలకు మించి దొరకదు. ఆ నాలుగైదు నెలల్లోనే మొలవాలి, పూయాలి, గింజ రాల్చాలి, వేరు లోపలికి పంపాలి.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక కోత అంచున మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశాను. పైన నాలుగు వేళ్ళ మందాన వేర్ల అల్లిక. గోనెపట్టాను పది మడతలు వేసి కుట్టినట్టుంది. రెండు చేతులతో పట్టి లాగినా ఊడి రాలేదు. దాని కింద జానెడు నల్ల మట్టి, వేళ్ళ మధ్య నలిపితే తడిపిన పిండిలా మెత్తగా ఉంది. చలికి ఆకులు, వేర్లు త్వరగా కుళ్ళవు కాబట్టి వందల ఏళ్ళ సారం అక్కడే నిలిచిపోయి ఆ నలుపు వచ్చింది. దాని కింద మాత్రం పసుపు మట్టి, గులకరాళ్ళు. వేలితో గీస్తే చాలు, జలజలా రాలాయి. పై అల్లిక ఇంటి చూరులాగా బయటికి వేలాడుతోంది, దాని కింద ఖాళీ. అదే అంచు మీద ఇంకాస్త అవతల ఒక తట్టెడు పచ్చిక, వేర్లతో సహా కిందికి ఒరిగి కోతలో బోర్లా పడి ఉంది. ఇంకా పచ్చగానే ఉంది. దాన్ని ఎవరూ మేయలేదు, ఎవరూ తొక్కలేదు. కింద నేల పోయింది కాబట్టి పడింది.

నేను చెప్పదలచుకున్నదంతా ఆ ముక్కలోనే ఉంది. పచ్చిక నేలకు చర్మం లాంటిది. చర్మం చిరగనంతకాలం ఎంత వాన పడినా, మంచు కరిగినా నీళ్ళు మెల్లగా ఇంకుతాయి, మెల్లగా జారిపోతాయి. ఒక్కచోట చిరిగితే ఆ పైన పనంతా నీళ్ళే చేస్తాయి. మొదట చింపినవాళ్ళు వెళ్ళిపోయినా కోత ఆగదు, ఏటా పైకి పాకుతూనే ఉంటుంది. కాబట్టి కోత ఎక్కడుందో అక్కడ కాదు, దాని పైన వాలులో ఏం జరుగుతోందో చూడాలి.

మరి మొదట చింపేది ఎవరు? చాలాచోట్ల కాలిబాటే. నువ్వు ఫోటోలు తీసి ఉంటే ఇప్పుడు మళ్ళీ తెరిచి చూడు. కోత తిన్నగా వాలు వెంట ఉందా, అడ్డంగా ఉందా? తిన్నగా ఉంటే అది ఒకప్పటి బాట అయ్యుండే అవకాశం ఎక్కువ. మంచు కరిగే రోజుల్లో నేల నానిన అట్టలా ఉంటుంది. అప్పుడు సామాను మోసే కంచర గాడిద గిట్ట దిగితే ఒక్కో అడుగూ ఒక్కో గుంట. వెనక వచ్చే ట్రెక్కర్లు బురదలో కాలు పెట్టలేక పక్కన పచ్చిక మీద నడుస్తారు. మర్నాటికి ఆ పక్కదీ బురదే, ఇంకొకరు ఇంకా పక్కన నడుస్తారు. ఒక బాట మూడవుతుంది, మూడు ఆరవుతాయి. తొక్కుడు పడిన నేల గట్టిబడి నీళ్ళు ఇంకవు. బాట పల్లం కాబట్టి చుట్టుపక్కల నీళ్ళన్నీ అందులోకే దిగుతాయి. అక్కడి నుంచి అది బాట కాదు, కాలువ.

గుడారాల సంగతి వేరే చెప్పాలి. ఒకే చోట వారాల తరబడి గుడారం ఉంటే కింద గడ్డి వెలుతురు లేక పాలిపోయి చస్తుంది. అంతకంటే చెడ్డది, వాన నీళ్ళు లోపలికి రాకుండా గుడారం చుట్టూ తీసే గాడి. చూడ్డానికి జానెడు లోతే. నాలుగు వేళ్ళ మందం అల్లికను పూర్తిగా తెగ్గొట్టడానికి ఆ జానెడు చాలు. మీరు కూడా తీసి ఉంటే ఇకమీదట తీయొద్దు. ఆ మాట మీ గైడుకు కూడా చెప్పు.

ఇంకో సంగతి ఉంది, మన మైదానం వాళ్ళకు అసలు తట్టదు. రెండోసారి నేను అక్టోబరులో వెళ్ళాను. పొద్దున్నే లేచి చూస్తే గడ్డి ఉన్నచోట మామూలు మంచే ఉంది. మట్టి బయటపడ్డ చోట మాత్రం నేల ఉబ్బి ఉంది. వంగి చూస్తే అగ్గిపుల్లంత పొడుగు మంచు సూదులు, పక్కపక్కనే వేలకొద్దీ, ఒక్కోదాని తల మీద ఇసుక రేణువో చిన్న రాయో కూర్చుని ఉంది. రాత్రి చలికి నేలలోని తడి గడ్డకడుతూ మట్టిని అలా పైకెత్తుతుంది. ఎండ తగిలాక సూదులు కరిగి, ఎత్తిన మట్టి కాస్త కింది వైపు పడుతుంది. వానా లేదు, గాలీ లేదు, మేకా లేదు. రోజుకు రవ్వంత చొప్పున మట్టి వాలు దిగిపోతూనే ఉంటుంది. ఒకవేళ ఆ మట్టిలో గింజ మొలిచినా లేత వేరును ఈ సూదులే పీకి పడేస్తాయి. బట్టతల పడిన చోట అక్కడ మళ్ళీ గడ్డి ఎందుకు రాదో నాకు ఆ పొద్దున అర్థమైంది.

ఇక గొర్రెల మాట. గొర్రెల వల్ల నష్టం లేదని నేను అనను. ఎక్కువ మంద, ఎక్కువ రోజులు, మంచు కరగక ముందే వచ్చి కూర్చుంటే పచ్చిక పలచబడుతుంది. మంద ఆగే చోట ఎరువు ఎక్కువై, పశువులు ముట్టని వెడల్పాకు మొక్కలు గుబురుగా లేస్తాయి. అవి చూసి ఇక్కడ మంద చాలాకాలం నిలిచిందని చెప్పొచ్చు. మన దగ్గర తంగేడు చూసి చెప్పినట్టే. గుట్ట మీద గడ్డి పోయి తంగేడు మాత్రం ఏపుగా ఉందంటే, మేకలు తినగలిగిందంతా తిని దాన్ని వదిలేశాయని అర్థం.

కానీ కదిలే మందకూ, నిలిచిన మందకూ చాలా తేడా ఉంది. ఆ కొండల్లో గద్దీలు, భోటియాలు అనే పశుకాపరులు తరతరాలుగా ఎండాకాలంలో పైకి ఎక్కి, చలి ముదరక ముందే దిగిపోతారు. మన గొల్ల కురుమలు ఎండాకాలం మందలు తోలుకుని గోదావరి, కృష్ణ ఆయకట్టుల వైపు నెలల తరబడి పోయి వానలకు తిరిగొస్తారు కదా, అలాగే. మంద వెళ్ళిపోయాక నేలకు ఊపిరి పీల్చుకునే టైమ్ దొరుకుతుంది. దయారాలోనే చూడు, కింద ఉన్న రైథల్ ఊరివాళ్ళు పశువులను ఎండాకాలం పైకి తోలి, ఆగస్టులో అదే పచ్చిక మీద పాలు, మజ్జిగ, వెన్నతో పండగ చేసుకుంటారు. పచ్చిక పోతే వాళ్ళకంటే ఎక్కువ నష్టపోయేది ఎవరు? ఈమధ్య కాలంలో కొత్తగా పెరిగింది ట్రెక్కింగు, దానికోసం కంచర గాడిదలు, వేసవిలో కీడాజడీ కోసం ఎక్కే జనం. ఆ కీడాజడీ అనేది పురుగు మీద పెరిగే ఒక బూజు, మందుల కోసం చాలా ఖరీదుకు పోతుంది. మే, జూన్‌లలో, సరిగ్గా నేల నాని ఉన్నప్పుడు, జనం వారాల తరబడి అక్కడే మకాం వేసి, ఒక్కొక్కదాని కోసం పచ్చికను గీకి తవ్వుతారు. వంటకు ఆ కొద్దిపాటి పొదలనే కొడతారు.

2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్ళలో రాత్రి బసను నిషేధించింది. వచ్చేవాళ్ళ సంఖ్య రెండు వందలకు మించకూడదని, పచ్చికల్లో వేసిన శాశ్వత కట్టడాలు తీసేయాలని చెప్పింది. చమోలీ జిల్లాలో ఆలీ, బేద్నీ పచ్చికల కోసం స్థానికులే వేసిన కేసు అది. ట్రెక్కింగు మీద బతికే ఊళ్ళకు ఆ దెబ్బ గట్టిగానే తగిలింది, వాళ్ళ బాధ నిజమైనదే. అయినా రాత్రి బస ఆపడం సరైన పనేనని నా అభిప్రాయం.

అయితే మేపు పూర్తిగా ఆపేస్తే అంతా బాగుపడుతుందా అంటే, అదీ చెప్పలేం. అదే చమోలీ జిల్లాలో పూలలోయ ఉంది. 1982లో నేషనల్ పార్కు చేసి పశువులను రానివ్వడం ఆపేశారు. ఆ తర్వాత అక్కడ పాలిగోనమ్ అనే పొడవాటి కలుపు మొక్క బాగా ఎగబాకి చిన్న పూలమొక్కలను కప్పేసింది. మేపు ఆగడమే కారణమా, ఇంకేమైనా ఉందా అని శాస్త్రవేత్తలు వాదించుకున్నారు. ఆ మొక్కను పీకించే పని మాత్రం అటవీ శాఖకు తప్పలేదు.

టిబెట్ పీఠభూమి కథ ఇంకా పాఠం చెబుతుంది. నాలుగు వేల మీటర్ల పైన లెక్కలేనంత పచ్చిక, పసుపు నది, యాంగ్‌ట్సీ, మెకాంగ్ పుట్టే చోటు. అక్కడ పచ్చిక ఊడిపోయి నల్ల మట్టి తేలిన మైదానాలకు చైనావాళ్ళు 'నల్లమట్టి తీరం' అని పేరే పెట్టారు. పికా అని కుందేలు జాతి చిన్న జంతువు ఆ నేలలో కలుగులు తవ్వుతుంది. గడ్డి పోయిన చోటల్లా అది కనిపిస్తోంది కాబట్టి నేరం దానిదేనని తీర్మానించి 1960ల నుంచి పెద్ద ఎత్తున విషం పెట్టి చంపారు. తర్వాత పరిశోధకులు చూస్తే, గడ్డి ముందే పొట్టిగా అయిపోయిన చోటుకే పికాలు ఎక్కువగా చేరుతున్నాయి. దూరం నుంచి వచ్చే శత్రువు కనబడాలి కాబట్టి వాటికి పొట్టి గడ్డే ఇష్టం. పైగా వాటి కలుగుల వల్ల వాన నీళ్ళు నేలలోకి బాగా ఇంకుతున్నాయని కూడా తేలింది. మీ గైడు మాట విన్నప్పుడు నాకు ఈ పికాలే గుర్తొచ్చాయి. నష్టం జరిగిన చోట కనిపించిన ప్రాణి మీద నేరం మోపడం చాలా తేలిక.

దయారాలో కోతలు పూడ్చడానికి అటవీ శాఖ చేసిన పని నాకు నచ్చింది. సిమెంటు వాడలేదు. కొబ్బరి పీచు వలలు పరిచారు, చీర్ పైన్ చెట్ల కింద రాలే సూదుల్లాంటి ఆకును (అక్కడ పిరూల్ అంటారు) మూటలుగా చుట్టి కోతకు అడ్డంగా పెట్టి, వెదురు మేకులతో బిగించారు. నీళ్ళు ఆ మూటల్లోంచి వడగట్టినట్టు పోతాయి, మట్టి వెనక నిలుస్తుంది. నిలిచిన మట్టిలో అక్కడి గడ్డే మళ్ళీ పడుతుంది. అది నిలదొక్కుకునేసరికి వల, మూట కుళ్ళి నేలలో కలిసిపోతాయి. మోసుకెళ్ళడానికి తేలిక, మిగిలిపోయే చెత్త ఉండదు. ఎండిన పిరూల్ కింద అడవుల్లో కార్చిచ్చుకు కారణమవుతుంది కూడా, దాన్ని ఇలా వాడటం రెండు రకాలా మేలు.

ఇప్పుడు మొక్కలు ఎందుకు వద్దన్నానో నీకే తెలిసిపోయి ఉంటుంది. ఆ ఎత్తులో చెట్టు నిలవదు. నిలిచినా గుంట తీయాలి, గుంట తీయడం అంటే మంచిగా ఉన్న అల్లికను మీ చేతులతో మీరే కోయడం. అరవై మొక్కలు నాటితే అరవై కొత్త చిరుగులు. బయటి నర్సరీ మట్టితో పాటు బయటి కలుపు గింజలు కూడా చేరతాయి. మీకు నిజంగా ఏదైనా చేయాలని ఉంటే, మంచు కరిగే రోజుల్లో కాకుండా నేల ఆరాక వెళ్ళండి. బురదగా ఉన్నా ఉన్న బాటలోనే, ఒకరి వెనక ఒకరు నడవండి. బస ఊళ్ళోనే చేయండి, వాళ్ళకు నాలుగు డబ్బులు కూడా వస్తాయి. అంతకు మించి చేయాలంటే స్థానిక అటవీ సిబ్బందిని అడిగి, వాళ్ళు చేసే వలల పనిలో చేయి వేయండి.

మూడో ప్రశ్న. నిజం చెప్పాలంటే నీకు నేను ఎక్కువ ఉపయోగపడేది ఇక్కడే.

మీ అమ్మమ్మగారి ఊరి గుట్ట, దయారా చూడ్డానికి ఒకలాగే కనిపించినా జబ్బు వేరు. ఇక్కడ మంచు సూదులు లేవు. మన శత్రువు వాన దెబ్బ. గ్రానైటు గుట్టల చుట్టూ ఉండే మన చల్క నేలలో ఇసుక పాలు ఎక్కువ, సారం తక్కువ, జానెడు కింద మొరం. గడ్డి కప్పు లేకపోతే పెద్ద చినుకు నేరుగా మట్టిని కొట్టి చిమ్ముతుంది, ఆ చిమ్మిన సన్న మట్టి రంధ్రాల్లో కూరుకుని పైన పెచ్చు కడుతుంది. ఇక నీళ్ళు ఇంకవు, పరుగు పెడతాయి. వరంగల్‌కు ఏడాది మొత్తం పడేది వెయ్యి మిల్లీమీటర్లకు అటూఇటూ. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్లు పడింది. ఆ రాత్రే మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచింది. అంత వాన పడితే ఏ గడ్డీ పూర్తిగా ఆపలేదు. కానీ గడ్డి ఉన్న గుట్టకూ, లేని గుట్టకూ కింద చెరువులోకి దిగే మట్టిలో తేడా కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

లెక్క చెబుతాను. ఒక ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు మందం మట్టి పోతే అది నాలుగు ఘనపు మీటర్లు, బరువు ఐదు టన్నుల పైమాటే. ట్రాక్టరులో ఎత్తితే ఒక ట్రాలీ దాటిపోతుంది. మన దేశంలో సగటున ఏడాదికి హెక్టారుకు 16.4 టన్నుల మట్టి పోతోందని 1983లో వేసిన లెక్క ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది. అంటే ఏటా మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. కంటికి ఆనదు. ఆ మట్టి మళ్ళీ తయారవ్వాలంటే సెంటీమీటరుకు వందల ఏళ్ళు పడుతుంది.

పోయిన మట్టి ఎక్కడికి పోతుందో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. పాకాల, రామప్ప, లక్నవరం మొదలు ఊరూరి చెరువు దాకా కాకతీయుల కాలం నుంచీ మనది చెరువుల సీమ. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు లెక్కకొచ్చాయి. చెరువుల్లో పూడిక తీసి రైతులు ట్రాక్టర్లతో చెలకల్లో పోసుకున్నారు. ఎంతో మంచి పని. ఆ రోజుల్లో ఒక చెరువు గట్టు మీద నిలబడి, ట్రాలీలోకి ఎత్తుతున్న నల్లటి పూడిక చూస్తుంటే పక్కనే ఉన్న కురుమ పెద్దాయన నాతో, "సారూ, ఇదంతా మా గుట్ట మీది మేతే" అన్నాడు. ఆ గుట్ట వైపు చూశాను. మొరం తేలి ఎర్రగా ఉంది, అక్కడక్కడా తంగేడు. ఆయన చిన్నప్పుడు అదే గుట్ట మీద గొర్రె పిల్ల కనబడనంత గడ్డి ఉండేదట. చెరువు పూడిక తీయడానికి బడ్జెట్ ఉంది, ఆ పూడిక రాకుండా గుట్ట మీద గడ్డి నిలపడానికి ఎవరూ అడగరు. ఈ బాధ నాకు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఉంది, ఇప్పటికీ ఉంది.

ఇక్కడ కూడా గొర్రెల మాట వస్తుంది. 2019 పశుగణనలో తెలంగాణ కోటి తొంభై లక్షల గొర్రెలతో దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 2012లో కోటి ఇరవై ఎనిమిది లక్షలే. 2017లో మొదలైన ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు పథకం అందులో పెద్ద పాత్ర. గొర్రెలు పెరిగాయి, బంచరాయి పెరగలేదు. పెరగకపోగా ఇళ్ళ స్థలాలకు, క్వారీలకు, ఆక్రమణలకు తరిగిపోయింది. రెండు వందల ఎకరాల్లో తిరిగిన మంద ఇప్పుడు నలభై ఎకరాల్లో తిరిగితే నేల అరిగిపోక ఏమవుతుంది? కాపరిని తిట్టి లాభం లేదు. ముందు మీ ఊరి రికార్డులో బంచరాయి ఎన్ని ఎకరాలుందో, నేల మీద ఎంత మిగిలిందో కనుక్కో. సర్వే చేయించి హద్దురాళ్ళు పాతించకుండా మిగతా పని మొదలుపెడితే, బాగుపడ్డ భూమిని ఇంకొకరు కలుపుకుంటారు. అలా జరగడం నేను చూశాను.

మా చేతుల్లో జరిగిన ఒక తప్పు చెప్పాలి, నువ్వు చేయకుండా ఉండటానికి. తొంభైలలో ఒక ఊరి గుట్ట మీద కాంటూరు కందకాలు, అంటే వాలుకు అడ్డంగా ఒకే మట్టంలో ఉండే కందకాలు, తవ్వించాం. సీజన్ ముగిసేలోపు పని చూపించాలని పైనుంచి ఒత్తిడి. లెవెల్ పట్టకుండా కంటి అంచనాతో, మధ్యలో ఎక్కడా అడ్డు వదలకుండా వంద గజాల పొడవున ఒకే కందకం లాగాం. దానికోసం బాగున్న గడ్డినే తవ్వి పోశాం. జులైలో గట్టి వాన పడింది. కందకంలో నీళ్ళన్నీ పల్లం ఉన్న కొసకు పరుగెత్తి అక్కడ కట్ట తెంపాయి. తెల్లారి వెళ్ళి చూస్తే ముందురోజు లేని ఒర్రె ఉంది, కింద ఒక ముసలామె కంది చేను మీద మొరం మేట వేసి ఉంది. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మొరం ఎత్తిపోస్తూ ఉంది. ఆ ఒర్రె ఇప్పటికీ అక్కడే ఉంది.

అందుకని కందకం తవ్వాల్సి వస్తే గడ్డి లేని చోటే తవ్వాలి. మూడు కర్రలు ఇంగ్లీషు A అక్షరంలా కట్టి మధ్యలో రాయి వేలాడదీసి చేసే ఏ-ఫ్రేముతో సమమట్టం గుర్తు పెట్టుకోవాలి. పొడవు రెండు మూడు మీటర్లకు మించకుండా ముక్కలు ముక్కలుగా, పై వరస సందుకు కింది వరస ముక్క వచ్చేలా తవ్వాలి. ఒకటి నిండినా తెగినా నష్టం అక్కడికే ఆగుతుంది.

అసలు అన్నిటికంటే ముందు చేయాల్సింది విరామం ఇవ్వడం. తవ్వకం కాదు, నాటడం కాదు. మీ ఊరి గొల్ల కురుమలను, మేకలున్నవాళ్ళను కూర్చోబెట్టి, బంచరాయిని మూడు నాలుగు భాగాలు చేసుకోండి. ఏటా ఒక భాగంలోకి తొలకరి నుంచి దసరా, దీపావళి దాకా మంద దిగకూడదు. గడ్డి గింజ పట్టి రాలేదాకా ఆగాలి. ఆ తర్వాత కోసుకుని తీసుకెళ్ళొచ్చు. ఏ భాగం ముందు మూయాలో వాళ్ళనే చెప్పనివ్వు. నేను చెప్పిన చోటు మూస్తే రాత్రికి మందలు దిగేవి, వాళ్ళు ఎంచుకున్న చోటును వాళ్ళే కాపలా కాశారు. మన వేడికి, వానకు రెండు మూడు వానాకాలాల్లోనే తేడా తెలుస్తుంది. దయారాకు ఆ అదృష్టం లేదు, అక్కడ అదే పనికి దశాబ్దాలు పడుతుంది. ఎండాకాలంలో గుట్టకు నిప్పు పెట్టే అలవాటు మాత్రం ఆపించాలి. తునికాకు చిగురు బాగా వస్తుందనో, కొత్త గడ్డి వస్తుందనో కాలుస్తారు. సరిగ్గా మే నెలాఖరు గాలివానకు నేల బోడిగా దొరికేది అందువల్లే.

విరామం ఇచ్చిన భాగంలో గింజ చల్లుకోవచ్చు. అంజన్ గడ్డి, స్టైలో అనే మేత మొక్క మన చల్కకు బాగా పడతాయి. స్టైలో గింజ తోలు గట్టిది, చేయి పెట్టలేనంత వేడి నీళ్ళలో నాలుగైదు నిమిషాలు ఉంచి, ఆరబెట్టి చల్లితే మొలక బాగుంటుంది. నీళ్ళు మరగకూడదు, గింజ చస్తుంది.

ఇప్పటికే కోసుకుపోయిన ఒర్రెకు రాళ్ళ కట్టలు వేయాలి. పై కొస నుంచి మొదలుపెట్టాలి. కిందినుంచి ఒక పెద్ద కట్ట కడదాం అంటారు, ఫోటోకు బాగుంటుంది, రెండో ఏడు ఉండదు. చిన్నవి, ఎక్కువ కట్టలు మేలు. కింది కట్ట తల ఎత్తు, పై కట్ట పాదం మట్టానికి రావాలి, దూరం అలా లెక్క చూసుకో. కట్ట మధ్యలో కొంచెం పల్లంగా, రెండు చివర్లు గట్టులోకి మూరెడు చొచ్చుకుని ఉండాలి. అలా లేకపోతే నీళ్ళు పక్కనుంచి గట్టు కోసుకుని కొత్త దారి చూసుకుంటాయి. నీళ్ళు దూకే చోట కింద రాళ్ళు పరచాలి. ఉపాధి హామీలో ఈ పనులకు అవకాశం ఉంది, గ్రామసభలో పేరు పెట్టించు. ఒర్రె అంచుల్లో వట్టివేరు పిలకలు జానెడు దూరంలో వరసగా నాటితే రెండేళ్ళలో గోడలా అల్లుకుంటుంది. మేక కొరికినా మళ్ళీ లేస్తుంది.

ఒక చిన్న పరీక్ష చేయించు, ఊళ్ళో మాటలకంటే అది బాగా పనిచేస్తుంది. అడుగు తీసేసిన పాత నూనె డబ్బాలు రెండు తీసుకో. ఒకటి గడ్డి ఉన్నచోట, ఒకటి మంద నడిచే బాటలో రెండు వేళ్ళ లోతు నేలలోకి దిగగొట్టు. రెండింట్లో చెరో లీటరు నీళ్ళు పోసి అందరినీ చుట్టూ నిలబెట్టు. గడ్డిలోది వాళ్ళు చూస్తుండగానే ఇంకిపోతుంది. బాటలోది ఎంతసేపు నిలబడుతుందో వాళ్ళే లెక్కబెడతారు. నేను ఇది చేసిన ప్రతి ఊళ్ళో మాట్లాడుకోవడం అక్కడినుంచే మొదలైంది.

తొలకరి లోపే ఇంకో పని చెయ్యి. జానెడున్నర పొడవు ఇనుప చువ్వలు ఒక ఇరవై తీసుకో. ఒక్కోదానికి ఒక వాషరు తొడిగి, గుట్ట పై నుంచి కింది దాకా వరసగా, సగం గడ్డిలో, సగం బోడి నేలలో, తల కొంచెం పైకి ఉండేలా, వాషరు నేల మీద వదులుగా ఆనేలా దిగగొట్టు. చువ్వ తల నేల పైన ఎంత ఉందో స్కేలుతో కొలిచి రాసి పెట్టుకో, ప్రతి చోటా ఫోటో తియ్యి. పశువుల కాలికి గుచ్చుకోకుండా తలకు రబ్బరు తొడుగు పెట్టు, మందలు తిరిగే బాటల్లో అసలు కొట్టొద్దు. దీపావళి తర్వాత మళ్ళీ వెళ్ళి కొలువు. చువ్వ తల నుంచి వాషరు దాకా దూరం ఎంత పెరిగిందో అంత మట్టి పోయినట్టు, వాషరు మీద ఎంత మట్టి చేరిందో అంత వచ్చినట్టు. ఆ ఇరవై అంకెలు, దయారా కోతల ఫోటోలు, మీ బంచరాయి సర్వే నంబరుతో గూగుల్ మ్యాప్ బొమ్మ ఇక్కడే పెట్టు. మొదటి రాళ్ళ కట్ట ఎక్కడ పడాలో అవి చూసి చెబుతాను.